మేనకోడలి తొలి ట్రాక్ డేకి

అమ్మలూ,

వచ్చే నెల ఇరుంగాట్టుకోట్టై రేసు ట్రాక్ మీద సొంత కారు నడుపుకునే ట్రాక్ డేకి డబ్బు కట్టేశాననీ, కట్టిన దగ్గర్నుంచీ నిద్ర పట్టడం లేదనీ ఫోన్లో చెప్పావు. హైవే మీద లారీని దాటాలంటేనే అరచేతులు చెమటలు పట్టే నాలాంటిది అక్కడికెళ్లి ఏం చేస్తుంది మావయ్యా అని అడిగావు. ఫోన్లో చెప్తే సగం మర్చిపోతావు, అందుకే రాస్తున్నాను. గ్యారేజీలో బళ్లు విప్పుతూ, ట్రాక్ దగ్గర కొత్తవాళ్ల పక్క సీట్లో కూర్చుంటూ ఇన్నేళ్లలో తెలుసుకున్నవి ఇవి. వరసగా అంకెలు వేశాను గానీ అన్నీ ఒకే బరువు కావు. బ్రేకుల గురించీ చూపు గురించీ రాసినవి రెండుసార్లు చదువు.

1. భయాన్ని పోగొట్టుకోవాలని చూడకు, దానికి పని చెప్పు.

భయపడకు అని నీకు చాలామంది చెప్తారు. నేను చెప్పను. టన్ను బరువున్న బండిని గంటకు 130 కిలోమీటర్ల మీద నడపబోయే మనిషికి భయం ఉండాలి, అది లేనివాళ్ల పక్క సీట్లో నేను కూర్చోను. కానీ దేని భయమో తెలియకుండా ఉన్నంతకాలమే అది నిద్ర చెడగొడుతుంది. కాగితం తీసుకుని రాయి. బ్రేకు పడదేమోనా? వెనకొచ్చేవాడు గుద్దుతాడేమోనా? జెండా అర్థం కాదేమోనా? బండి గిర్రున తిరిగిపోతుందేమోనా? అందరూ నవ్వుతారేమోనా? మొదటి నాలుగింటికీ ముందుగా చేసుకోవాల్సిన పనులున్నాయి. ఈ ఉత్తరం నిండా అవే. అయిదోది కొట్టెయ్. కొత్తగా వచ్చి, చెప్పింది విని, అద్దంలో చూసుకుని దారి ఇచ్చేవాళ్లంటే ట్రాక్ దగ్గర అందరికీ ఇష్టం.

2. వెళ్తున్న చోటు గురించి తెలుసుకో.

నెల్లూరు నుంచి మద్రాసు వచ్చేటప్పుడు రెడ్‌హిల్స్ ఇంకా రాకముందే షోలవరం తగులుతుంది. రెండో ప్రపంచ యుద్ధం నాటి విమానాల రన్‌వే అక్కడ ఉండేది. 1953లో పుట్టిన మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ దాని మీదే ఏళ్ల తరబడి రేసులు నడిపింది. మన నెల్లూరు జిల్లా వాళ్లకి అది దారిలో ఊరే. ఆ తర్వాత క్లబ్ వాళ్లు శ్రీపెరుంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో సొంత ట్రాక్ కట్టుకున్నారు. 1990లో మొదలైంది. 3.717 కిలోమీటర్ల పొడవు, 12 మలుపులు. ఇప్పుడు మద్రాస్ ఇంటర్నేషనల్ సర్క్యూట్ అంటున్నారు. నువ్వు వెళ్లేది అక్కడికి.

ఆ ట్రాక్ ల్యాప్ వీడియోలు, కారు లోపలి నుంచి తీసినవి, వెతికి చూడు. చూసి ఊరుకుంటే లాభం లేదు. వీడియో ఆపేసి తెల్ల కాగితం మీద ట్రాక్ గీయి. ఎటు మలుపు, దాని తర్వాత ఏది, ఎక్కడ పొడుగ్గా సాగుతుంది, నీ బండి ఏ గేరులో ఉండొచ్చు, అన్నీ రాసుకో. మొదటిసారి గీస్తే రెండు మలుపులు తప్పిపోతాయి, ఫరవాలేదు. వారం పాటు రోజుకోసారి గీస్తే చెయ్యి తిరుగుతుంది. తర్వాతి మలుపు ఎటో ముందే తెలిసిన మనిషికి స్టీరింగ్ మీద పట్టు దానంతటదే సడలుతుంది.

ఇంకో మాట. 2023 ఫిబ్రవరిలో హైదరాబాద్‌లో హుస్సేన్ సాగర్ పక్కన జరిగిన ఫార్ములా ఈ రేసు టీవీలో చూసి, గోడలకి అంత దగ్గరగా ఎలా వెళ్తారో అని బెంగపడ్డావు. అది ఊళ్లో రోడ్లని మూసి చేసిన ట్రాక్, రోడ్డు పక్కనే కాంక్రీటు గోడ. ఇక్కడ అలా కాదు, తప్పితే వెళ్లడానికి పక్కన జాగా వదిలి కట్టారు. ఎదురొచ్చే బండి లేదు, గేదె లేదు, తప్పు సైడులో వచ్చే ఆటో లేదు, మలుపు మలుపుకీ జెండాలు పట్టుకుని మార్షల్ ఉంటాడు. రాత్రిళ్లు రింగు రోడ్డు మీద స్పీడు చూసుకునే కుర్రాళ్ల గురించి విన్నప్పుడల్లా నా కడుపు తరుక్కుపోతుంది. స్పీడు చూసుకోవాలనుకునేవాళ్లు రావాల్సింది ఇక్కడికే.

3. మీ అమ్మకి చెప్పు. ఇన్సూరెన్సు కాగితం చదువు.

చెల్లెలు కంగారు పడుతుందని దాచకు. అక్కడ సంతకం పెట్టే ఫారంలో ప్రమాదం జరిగితే ఎవరికి ఫోన్ చెయ్యాలో అడుగుతారు, బ్లడ్ గ్రూపు అడుగుతారు. ఆ నంబరు మీ అమ్మదే అయి ఉండాలి, ఆ నంబరున్న మనిషికి విషయం తెలిసి ఉండాలి.

మన దేశంలో కారు పాలసీల్లో "వాడకానికి పరిమితులు" అని ఒక భాగం ఉంటుంది. రేసింగ్‌కీ స్పీడ్ టెస్టింగ్‌కీ కవరు లేదని అందులో రాసి ఉంటుంది. అంటే ట్రాక్ మీద బంపరు పగిలినా రేడియేటర్ పోయినా ఖర్చు నీదే. పోతే పెట్టుకోగలిగిన డబ్బు ఎంతో ముందే అనుకుని, దానికి లోబడే నడుపు. ఆ అంకె మనసులో ఉన్నవాళ్లు చక్కగా నడుపుతారు.

4. చిన్న కారని చిన్నబుచ్చుకోకు.

పక్కన ఎర్ర రంగు జర్మన్ బళ్లు వరస కట్టి ఉంటాయి. ఉండనీ. కోయంబత్తూరు కరివర్ధన్ గారు మన దేశంలో కుర్రాళ్లు రేసింగ్ నేర్చుకోవడానికి ఫార్ములా మారుతి అని ఒక బండి చేశారు. అందులో ఉన్నది మారుతి 800 ఇంజనే, 796 సీసీ. 2005లో మన దేశం నుంచి మొట్టమొదట ఫార్ములా వన్‌లోకి వెళ్లిన నరైన్ కార్తికేయన్ ఆ ఫార్ములా మారుతిలోనే మొదలుపెట్టాడు. కరివర్ధన్ గారు 1995లో విమాన ప్రమాదంలో పోయారు. కోయంబత్తూరులోని కరి మోటార్ స్పీడ్‌వేకి ఆయన పేరే పెట్టారు. నీ హ్యాచ్‌బ్యాక్ తేలిక. తేలిక బండి బ్రేకుల్నీ టైర్లనీ త్వరగా తినదు, తప్పు చేస్తే సర్దుకునే టైము ఇస్తుంది. మొదటి రోజుకి అంతకంటే మంచి బండి లేదు.

5. బండికి డబ్బు పెట్టేది ఉంటే బ్రేకులకే పెట్టు.

ఎగ్జాస్టు మార్చాలా, ఎయిర్ ఫిల్టర్ మార్చాలా అని అడిగావు. ఏదీ వద్దు. బ్రేక్ ఆయిల్ మార్చు.

ఎందుకో చెప్తాను. టన్ను బండి 140లో వస్తూ మలుపు ముందు 70కి తగ్గాలంటే, ఆ కొద్ది సెకన్లలో పుట్టే వేడి లీటరున్నర నీళ్లని మరిగించడానికి సరిపోతుంది. అది దాదాపు అంతా డిస్కుల్లోకీ ప్యాడ్లలోకీ పోతుంది. ఒక్క ల్యాపులో అలాంటివి చాలా ఉంటాయి, ఒక్క సెషన్‌లో చాలా ల్యాపులు. ఊళ్లో నడిపినప్పుడు డిస్కు చల్లారడానికి టైము దొరుకుతుంది, ఇక్కడ దొరకదు. వేడి ప్యాడ్ నుంచి పిస్టన్‌కీ, పిస్టన్ నుంచి ఆయిల్‌కీ పాకుతుంది.

బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమని పీల్చుకుంటుంది. డాట్ 3 ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల దాకా మరగకూడదని లెక్క. తేమ పట్టాక ఆ లెక్క 140కి పడిపోతుంది. డాట్ 4కి అవే అంకెలు 230, 155. ఆయిల్ మరిగితే ఆవిరి బుడగలు వస్తాయి, బుడగ నొక్కితే అణిగిపోతుంది. నువ్వు పెడల్ తొక్కుతావు, అది మెత్తగా కిందికి దిగిపోతుంది, బండి మాత్రం ఆగదు. ఆయిల్ డబ్బా మూతకి పట్టిన చెమ్మ, నల్లబడ్డ ఆయిల్ చూసి కూడా "ఇంకో సంవత్సరం నడుస్తుంది మేడమ్" అనే మెకానిక్కులు ఉంటారు. వినకు. మూత మీద ఏ రకం పొయ్యాలో రాసి ఉంటుంది. డాట్ 3 చాలన్న చోట డాట్ 4 పోయొచ్చు, డాట్ 5 అని వేరే సిలికాన్ రకం ఉంది, దాన్ని మాత్రం కలపకూడదు. వెళ్లడానికి వారం ముందు నాలుగు చక్రాల దగ్గరా బ్రేకు పైపుల్లోని గాలి తీయించి కొత్త ఆయిల్ పోయించు. దగ్గర నిలబడి చూడు. పాత ఆయిల్ టీ డికాషన్ రంగులో వస్తూ వస్తూ తేట పడేదాకా ఆపనివ్వకు.

ప్యాడ్లు సగం కంటే ఎక్కువ మందం మిగిలి ఉండాలి. లేకపోతే కొత్తవి వేయించు, వేయించాక రోడ్డు మీద నాలుగైదు రోజులు నడిపి డిస్కుకి కుదురుకోనియ్. కొత్త ప్యాడ్లతో నేరుగా ట్రాక్ మీదికి పోవద్దు.

ట్రాక్ మీద ఉండగా రెండు రకాల తేడా తెలుస్తుంది. పెడల్ గట్టిగానే ఉండి బండి ఆగకపోతే ప్యాడ్ వేడెక్కింది. పెడల్ మెత్తగా లోపలికి పోతుంటే ఆయిల్ మరిగింది. మొదటిదైతే ఒక ల్యాపు మెల్లగా నడిపి చల్లార్చుకో. రెండోదైతే పెడల్‌ని రెండు మూడుసార్లు గబగబా తొక్కి ఒత్తిడి తెచ్చుకుని, గేరు తగ్గించుకుంటూ, ట్రాక్ పక్కన బళ్లు ఆపుకునే పిట్‌లోకి వచ్చెయ్. ఆ రోజుకి అంతే.

6. టైరు, గాలి, నట్లు.

టైరు పక్కన డాట్ అక్షరాల వరస చివర నాలుగంకెలు ఉంటాయి. 2322 అని ఉంటే 2022లో 23వ వారం తయారైందని. పాతబడి గట్టిపడ్డ టైరుకి గీతలు ఎంత లోతున్నా పట్టు ఉండదు. పక్క గోడలో బుడిపె గానీ పగులు గానీ కనిపిస్తే ఆ టైరు వద్దు.

చల్లగా ఉన్నప్పుడు కంపెనీ చెప్పిన గాలితో మొదలుపెట్టు. సెషన్ నుంచి రాగానే చూస్తే అయిదారు పాయింట్లు పెరిగి ఉంటుంది, ఆ పెరిగింది కొంచెం కొంచెం తీయాలి. ఎంత తీయాలో అక్కడి ఇన్‌స్ట్రక్టర్ నీ టైరు భుజం అరిగిన తీరు చూసి చెప్తాడు. సొంత గేజీ ఒకటి కొనుక్కో, బంకులో గేజీలు ఒకదానికొకటి పొంతన ఉండవు.

నట్లు టార్క్ రెంచ్‌తో బిగించాలి. ఎంత బిగించాలో కారుతో వచ్చిన పుస్తకంలో ఉంటుంది. మొదటి సెషన్ అయ్యి చక్రాలు చల్లారాక మళ్లీ ఒకసారి చూడాలి.

7. లోపల కదిలేది ఏదీ ఉండకూడదు.

వెళ్లే ముందు రోజు సాయంత్రం తలుపులన్నీ తెరిచి పెట్టుకుని కూర్చో. డిక్కీలోంచి స్టెప్నీ, జాకీ, గొడుగు, చెప్పులు తీసెయ్. సీటు కింద చెయ్యి పెట్టి చూడు, కచ్చితంగా ఒక నీళ్ల బాటిలు దొరుకుతుంది. అది బ్రేకు వేసినప్పుడు ముందుకి దొర్లి పెడల్ కిందికి వస్తుంది. ఈ మొత్తం ఉత్తరంలో నన్ను అన్నిటికంటే భయపెట్టేది ఆ బాటిలే. డ్రైవర్ వైపు కాళ్ల దగ్గర మ్యాటు తీసెయ్.

డ్యాష్‌బోర్డు మీది వినాయకుణ్ని కూడా తీయాలి. జిగురుతో అతికించినవి ఎండకి వదులవుతాయి. దణ్ణం పెట్టుకుని, మెత్తటి గుడ్డలో చుట్టి, పిట్‌లో నీ బ్యాగులో పెట్టుకో, సాయంత్రం మళ్లీ కూర్చోబెట్టు. అద్దానికి వేలాడేది, ముందు బంపరుకి కట్టిన నిమ్మకాయ, మిరపకాయలు కూడా విప్పు. అవి తెగి ట్రాక్ మీద పడితే వెనకొచ్చేవాళ్లకి ప్రమాదం.

8. ఒంటి మీద నూలు బట్టలు.

పొడుగు చేతుల నూలు చొక్కా, జీన్సు. పాలిస్టర్ వద్దు, వేడికి కరిగి చర్మానికి అంటుకుంటుంది. అడుగు పల్చగా ఉన్న బూట్లు వేసుకో, మందపాటి అడుగుతో పెడల్ తెలియదు. చున్నీ, గాజులు, వేలాడే కమ్మలు వద్దు. జడ మెడ దగ్గర కిందికి అల్లుకో, కొప్పు పెడితే హెల్మెట్ దిగదు. కళ్లద్దాలు హెల్మెట్ పెట్టుకున్నాకే పెట్టుకోవాలి.

హెల్మెట్ నిండు ముఖానిది. హెల్మెట్లని పరీక్షించే స్నెల్ సంస్థ ముద్రల్లో ఎస్ఏ అని ఉన్నది కారు రేసులకి చేసింది, లోపలి గుడ్డ నిప్పుని తట్టుకుంటుంది. ఎమ్ అని ఉన్నది బైకులకి. మొదటి రోజుకి బైకు హెల్మెట్ ఒప్పుకుంటారో లేదో నిర్వాహకుల్ని ముందే అడుగు. ఎవరిదైనా అరువు తెచ్చుకుంటే పెట్టుకుని తల ఊపి చూడు. కదిలితే నీకు అది పనికిరాదు.

9. సీటు సరిచేసుకోవడానికి పది నిమిషాలు తీసుకో.

హెల్మెట్ పెట్టుకునే కూర్చో, లేకపోతే అక్కడికెళ్లాక తల పైకప్పుకి తగులుతుంది. వీపు పూర్తిగా సీటుకి ఆనించి చెయ్యి చాపితే మణికట్టు స్టీరింగ్ పైభాగం మీద ఆనాలి. క్లచ్ అడుగంటా తొక్కినా మోకాలు కొంచెం వంగే ఉండాలి. చేతులు గడియారంలో తొమ్మిది, మూడు ఉండే చోట. సీటు బాగా ముందుకి లాక్కుని స్టీరింగ్‌కి అతుక్కుని కూర్చోవడం నీ అలవాటు, దాన్ని ఇంటి దగ్గరే మార్చుకో.

10. జెండాలు నోటికి వచ్చి ఉండాలి.

పచ్చజెండా దారి బాగుందని. పసుపు ముందు ప్రమాదం ఉందని, స్పీడు తగ్గించు, ఎవర్నీ దాటకు. పసుపు, ఎరుపు చారలైతే ట్రాక్ జారుడుగా ఉందని. నీలం వెనక స్పీడు బండి ఉంది, దారి ఇమ్మని. ఎరుపు సెషన్ ఆగిపోయిందని, హఠాత్తుగా బ్రేకు కొట్టకుండా అద్దం చూసుకుని మెల్లగా పిట్‌కి రా. నల్ల జెండా నిన్ను చూపించి ఊపితే నువ్వు లోపలికి రావాలని. నల్లదాని మధ్య నారింజ చుక్క ఉంటే నీ బండిలో ఏదో చెడింది. తెలుపు నలుపు గళ్లు సెషన్ అయిపోయిందని. మొదటి ల్యాపు మెల్లగా నడిపేటప్పుడు మార్షళ్లు ఎక్కడెక్కడ నిలబడ్డారో చూసి పెట్టుకో.

11. బ్రేకు గట్టిగా తొక్కడం ముందే నేర్చుకో.

ఏళ్ల తరబడి కారు నడిపినవాళ్లు కూడా బ్రేకుని చివరిదాకా తొక్కి ఎరగరు. చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ పనిచేసినప్పుడు పెడల్ కాలి కింద గడగడలాడుతుంది. తెలియనివాళ్లు ఏదో విరిగిందనుకుని కాలు తీసేస్తారు, తీయకూడదు. వెనకా ముందూ ఎవరూ లేని ఖాళీ మైదానంలో, పక్కన తెలిసినవాళ్లని పెట్టుకుని, 40, 50 స్పీడు నుంచి పూర్తిగా తొక్కి ఆ గడగడ కాలికి అలవాటు చెయ్యి.

ఇంకో లెక్క ఒంటబట్టించుకో. స్పీడు రెట్టింపైతే ఆగే దూరం నాలుగింతలు. 60లో సరిపోయిన దూరం 120లో సరిపోదు. అందుకే బ్రేకు బండి తిన్నగా వెళ్తుండగానే వెయ్యాలి, మొదట గట్టిగా, తర్వాత సడలిస్తూ. బ్రేకు పని అయ్యాకే స్టీరింగ్ తిప్పాలి. కొత్తవాళ్లు మలుపులోకి వేగంగా దూరి, లోపల భయపడి బ్రేకు తొక్కుతారు. బండి వెనక భాగం తేలికై పక్కకి జారేది సరిగ్గా అక్కడే. ట్రాక్ పక్కన కదలని గుర్తు ఒకటి పట్టుకో, బోర్డో రంగు మారిన చోటో. మొదట చాలా ముందుగా బ్రేకు వెయ్యి. ఇంకా చోటు మిగిలిపోతుందని రెండు మూడు ల్యాపులు వరసగా అనిపిస్తేనే కొంచెం జరుపు.

12. ఎటు చూస్తే అటే వెళ్తావు.

రోడ్డు మీద గుంతనే చూస్తూ వస్తే చక్రం ఆ గుంతలోనే పడుతుంది, నీకు తెలుసు. భయపడ్డ కళ్లు బానెట్ ముందు పది గజాల దూరంలో ఆగిపోతాయి. వేగంలో ఆ పది గజాలు క్షణంలో అయిపోతాయి, అందుకే అంతా మీద పడుతున్నట్టు ఉంటుంది. బ్రేకు వేస్తూనే మలుపు లోపలి అంచుని చూడు. అంచు దగ్గరికి రాకముందే బయటికి వెళ్లే చోటుని చూడు. తల తిప్పి చూడాలి, పక్క కిటికీలోంచి చూడాల్సి వచ్చినా సరే. నా పక్కన కూర్చున్నవాళ్లకి నేను అన్నిటికంటే ఎక్కువసార్లు చెప్పే మాట "తల ఎత్తు". తల ఎత్తిన ల్యాపులో స్పీడు పెరిగినా మనిషి ఊపిరి నెమ్మదిస్తుంది. అది పక్క సీట్లోకి వినిపిస్తుంది.

13. దారి ఇవ్వడం కూడా ఒక నేర్పే.

అద్దం తిన్నటి దారిలోనే చూడు, మలుపులో వద్దు. వెనక బండి వచ్చిందంటే తిన్నటి దారిలో ఏ పక్కనుంచి దాటాలో కిటికీలోంచి చేత్తో చూపించు, యాక్సిలరేటర్ కొంచెం వదులు, నీ గీత మీదే ఉండు. చెయ్యి చూపించనిదే ఎవరూ దాటకూడదని కొత్తవాళ్ల గ్రూపుల్లో రూలు పెడతారు. ఈ రూలు ఉందో లేదో పొద్దున్న బ్రీఫింగ్‌లో అడుగు. రిజిస్ట్రేషన్‌లో నీ అనుభవం ఉన్నది ఉన్నట్టు చెప్పి కొత్తవాళ్ల గ్రూపులోనే చేరు. ఇన్‌స్ట్రక్టర్ని పక్కన కూర్చోమని అడుగు.

14. బండి తిరిగిపోతే రెండు కాళ్లూ లోపలికి.

క్లచ్, బ్రేకు రెండూ అడుగంటా తొక్కి అలాగే పట్టుకో. చాలావరకు బండి తిరిగి ఆగిపోతుంది. ఆగాక మార్షల్ చెప్పేదాకా కదలకు. బెల్టు తీసి బయటికి దిగకు, నిప్పు కనిపిస్తే తప్ప. రెండు చక్రాలు గడ్డిలోకి జారితే స్టీరింగ్ గబుక్కున వెనక్కి లాగొద్దు, అక్కడే బళ్లు తలకిందులయ్యేది. తిన్నగా పోనిచ్చి, స్పీడు తగ్గాక, మార్షల్‌ని చూసుకుని మెల్లగా ఎక్కు. స్టెబిలిటీ కంట్రోల్ బటన్ జోలికి పోకు, ఎవరు ఏం చెప్పినా ఆన్‌లోనే ఉంచు.

15. అలసట మనకి ఆఖర్న తెలుస్తుంది.

చెన్నై ఎండ, కిటికీలు తెరిచిన కారు, తల మీద హెల్మెట్. దాహం వేసేదాకా ఆగకుండా సెషన్ సెషన్‌కీ మజ్జిగో ఓఆర్ఎస్సో తాగు. మధ్యాహ్నం బిర్యానీ వద్దు, పెరుగన్నం తిను. ఒకే మలుపులో రెండుసార్లు ఒకే పొరపాటు జరిగితే ఆ సెషన్‌లో మిగిలిన ల్యాపులు వదిలేసి లోపలికి రా. ఆఖరి సెషన్ అని ఎవరైనా ఊరిస్తే అసలే వద్దు. ల్యాప్ టైమ్ చూసే యాప్ ఆ రోజు ఫోన్లో ఉండకూడదు.

ప్రతి సెషన్ ఆఖరి ల్యాపు బ్రేకు వాడకుండా మెల్లగా నడుపు, గాలికి డిస్కులు చల్లారుతాయి. పిట్‌లో ఆపాక హ్యాండ్ బ్రేక్ వెయ్యకు, కాలిన ప్యాడ్ డిస్కుకి అంటుకుంటుంది. గేరులో వదిలి చక్రం కింద రాయి పెట్టు.

16. తిరుగు ప్రయాణం, మర్నాడు.

వేడిగా ఉండగా గాలి తీశావు కదా, చల్లారాక ఆ టైర్లలో గాలి చాలదు. హైవే ఎక్కే ముందు బంకులో మళ్లీ నింపించు. పెట్రోలు కూడా చూసుకో, ట్రాక్ మీద మామూలుకంటే బాగా ఎక్కువ తాగుతుంది. సాయంత్రం రోడ్డు మీదికి రాగానే 80 స్పీడు కూడా నడకలా అనిపిస్తుంది. గంటసేపు కూర్చుని, టీ తాగి, మీ అమ్మకి ఫోన్ చేసి, అప్పుడు బయల్దేరు. నెల్లూరు దాకా రావాలంటే రాత్రి చెన్నైలోనే పడుకుని పొద్దున్నే రా.

మర్నాడు బండి నా దగ్గరికి తీసుకురా. చక్రాలు విప్పి ప్యాడ్లు కొలుద్దాం, డిస్కుల మీద నీలం మచ్చలు పడ్డాయేమో, టైరు భుజాలు ఎంత తిన్నాయో చూద్దాం, నట్లు మళ్లీ బిగిద్దాం. పెడల్ కొంచెం మెత్తబడినట్టు అనిపించినా బ్రేక్ ఆయిల్ ఇంకోసారి మార్చేద్దాం. ప్యాడ్లు మూడు మిల్లీమీటర్లకి దిగితే కొత్తవి వేసేదాకా ఆ బండి ఆఫీసుకి తీసుకెళ్లనివ్వను.